సొరకాయ పావురాలు

ఆ ఏడు వానాకాలంలో మా ఇంట్లో పావురాల కూర చాలాసార్లు వండాం. ఒక్కసారి కూడా ఎవరి పంటి కిందా గుండు తగల్లేదు. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

తుపాకితో కొట్టిన పిట్టను వండితే తినేవాళ్లు మెల్లగా నములుతారు. ఆవగింజంత సీసపు గుండు ఎక్కడో ఒకచోట పంటికి తగులుతుంది. దాన్ని తీసి కంచం అంచున పెడతారు. మా మామ కృష్ణప్ప ఇంట్లో అది పరీక్ష పేపరు దిద్దడం లాంటిది. కంచం అంచున గుండ్లు పేరుకుంటే దెబ్బ చెడిపోయిందని అర్థం. తలకో మెడకో తగిలి, మాంసంలో ఒకటో అరో దొరికితే మంచి దెబ్బ. అసలేమీ దొరక్కపోతే ఇక చెప్పేదేముంది.

"సూసినావామ్మా," అనేవారు మామ నా వైపు తిరిగి, ఖాళీ కంచం అంచు మీద వేలు తిప్పుతూ. "ఒక్క గుండు లేదు. దెబ్బంటే అదీ. పిట్టకు తుపాకి మోత ఇనపడకూడదు. ఇనపడిందంటే మనం తప్పు సేసినట్టే."

"తిను తిను, సల్లారిపోతాది," అనేది మా అత్త ఆదెమ్మ, ఇంకో సంగటి ముద్ద వేస్తూ. మా ఆయన కంచంలోంచి తల ఎత్తేవారు కాదు.

ఇది ఎనభై రెండు నాటి సంగతి. మాది సదుం పక్క పల్లె. ఆషాఢంలో వాన పడగానే చెనక్కాయలు విత్తుతారు. గింజ మట్టిలో పడిన పూట నుంచి మొలక ఆకు విప్పేదాకా పావురాలతో తగవే. కొండబండల సందుల్లోంచి, పాడుబడ్డ బావుల్లోంచి గుంపుగా లేచి వచ్చి, సాలు వెంబడి బడిపిల్లల్లాగా వరసగా నడుస్తూ గింజా గింజా ఏరుకుపోతాయి. వాటి కోసమే మామకు పంట కాపలా తుపాకి లైసెన్సు ఉండేది.

ఆయన వేటకు ఒక పద్ధతి ఉంది. చేనులో బొమ్మ పావురాలను నిలబెట్టి, గట్టు పక్కన కంపలతో కట్టిన మాటులో కూర్చుంటారు. ఆ బొమ్మలను దీమాలనేవారు. పైన పోయే గుంపు, కింద తమవాళ్లు మేస్తున్నారనుకుని దిగుతుంది. దీమాల ముక్కులు గాలికి ఎదురుగా ఉండాలి, ఎందుకంటే గాలికి వీపు పెట్టి మేసే పావురం లేదు. పిట్ట దూరంగా ఉంటే కాల్చకూడదు. రెక్కలు వెనక్కి విరిచి, కాళ్లు దించి, వాలబోయే క్షణంలోనే కాల్చాలి. గాయపడి పోయిన పిట్ట దొరికేదాకా సంగటి ముట్టకూడదు. నేను కాపురానికి రాకముందు ఒకసారి అట్లా ఆయన పస్తు పడుకున్నారట. ఆ పస్తు తర్వాత ఊరందరి ముందూ ఒక మాటన్నారు.

"ఇంకొక పిట్ట నా దెబ్బకు రెక్క ఈడ్చుకుంటా పోయిందంటే, ఆ పొద్దుతో తుపాకి సాలు."

అప్పటి నుంచీ పోలేదు. కానీ ఇటీవల ఆయన కళ్లకు పొర కమ్ముతోంది. ఒకరోజు వాకిట్లో దండెం మీద ఆరేసిన గోనెపట్టాను చూసి, "రాప్పా మల్లప్పా, ఆడనే నిలబడితివే," అని పలకరించారు. అది బదులు చెప్పనందుకు చాలా రోజులు మల్లప్ప మీద కోపంగా ఉన్నారు. మల్లప్ప మా పక్క చేను రైతు. మా గట్టు దాటాల్సి వచ్చినప్పుడల్లా ఆయన ఎర్ర తువ్వాలు తల మీద ఊపుతూ, "నేనప్పా, మల్లప్పను, మనిషిని," అని అరుచుకుంటూ పోయేవాడు.

మదనపల్లెలో కంటి ఆపరేషన్లు చేస్తున్నారని మా ఆయన ఎప్పుడు మాటెత్తినా, "నా కంటికేమొచ్చె? కండ్లు లేనోడు కొట్టే దెబ్బలేనా ఇవి?" అని కంచం చూపించేవారు మామ.

పాత చెక్క దీమాలు పగిలిపోయాక కొత్తవి చేసే పని నాకు వచ్చింది. మా కంచె మీది తీగకు మెడ సన్నగా, పొట్ట లావుగా చిన్న చిన్న సొరకాయలు కాసేవి. ఎండబెడితే బుర్ర తేలికపడి గట్టిగా అవుతుంది. బూడిద, బొగ్గుపొడి గంజిలో కలిపి పూసేదాన్ని. పుంగనూరు నుంచి రంగు డబ్బా తెస్తానన్నారు మా ఆయన. వద్దన్నాను. మెరిసే పావురం దగ్గరికి పావురాలు రావు. రెక్కల మీద రెండు నల్ల చారలు చీపురుపుల్లతో గీసేదాన్ని. వంకర పోతే తుడిచి మళ్లీ గీసేదాన్ని.

"వాటిని సూసి పెండ్లి సంబంధాలు వస్తాయా ఏమన్నానా?" అనేది అత్త. "అంత ముస్తాబు యాల?"

అంత ముస్తాబు చేసి పంపిన దీమాలు ఇంటికి తిరిగి వచ్చేవి కావు. ఎద్దు తొక్కిందని, కుక్క ఎత్తుకుపోయిందని, వానకు కొట్టుకుపోయిందని మా ఆయన చెప్పేవారు. వాన పడని రోజు కూడా అదే చెప్పారు. నేను మళ్లీ కాయలు ఎండబెట్టేదాన్ని. ఒకనాడు చేనికి అంబలి తీసుకుపోయినప్పుడు, గట్టు మీది కంపలో ఒక సొరబుర్ర చిక్కుకుని కనపడింది. తీసి చూశాను. మెడ లేదు. పొట్ట నిండా చిల్లులు. ఊపితే లోపల గలగలమంది.

పావురాల ఒంట్లో ఉండాల్సిన గుండ్లన్నీ సొరకాయలో ఉన్నాయి.

ఆ సాయంత్రం మా ఆయన్ను పెరట్లో నిలబెట్టి బుర్రను చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"చారలు బాగా వచ్చినాయి," అన్నారు.

"మనం తినే పావురాలు యాడివి?"

"పుంగనూరు సంతలోవి," అన్నారు చివరికి, గోడ వైపు చూస్తూ.

అప్పుడు మొత్తం బయటపడింది. మామకు కదిలే పిట్టలు కనపడవు. కదలకుండా నిలబడ్డ దీమాలు మాత్రం ఎర్రమట్టి మీద బూడిదరంగు మచ్చల్లాగా కనపడతాయి. ఆయన వాటినే కాలుస్తున్నారు. మా ఆయన సంచిలో సంత పావురాన్ని దాచుకుని పక్కన కూర్చుంటారు. తుపాకి మోగగానే పరుగెత్తి, పగిలిన బుర్రను కంపలోకి విసిరేసి, సంచిలోదాని మెడ విరిచి, వెచ్చవెచ్చగా తెచ్చి తండ్రి చేతిలో పెడతారు.

"ఒకపొద్దు సంచిలో ఉండేది గుర్రుగుర్రుమనింది," అన్నారు. "సచ్చినాంరా అనుకున్న్యా. నాయన నా చెయ్యి పట్టుకోని, 'ఉలకబాకరా, బాగా దగ్గిరికి వచ్చేసినాయి' అన్నాడు."

నవ్వకూడదని పెదవి బిగబట్టాను. "అత్తకు తెలుసునా?"

"ఆయమ్మదే ఈ ఆలోచన."

అత్త అప్పటికే గుమ్మంలో నిలబడి వింటోంది.

"తుపాకి పోతే ఆ మనిషి ఇంట్లో కూసుంటాడు," అంది. "ఇంట్లో కూసుంటే పొద్దన్నంతా నా పులుసులో ఉప్పు గురించి సెప్తాడు. అది కొన్నాళ్లు. ఆ పైన అదీ సెప్పకుండా గోడ తట్టు సూస్తా కూసుంటాడు. మా నాయన అట్లనే పోయినాడు. నువ్వు సొరకాయలు సెయ్యమ్మా, నీకు పుణ్యముంటాది."

ఆ వారంలోనే చిక్కొచ్చి పడింది. మా ఆయన సదుం బళ్లో పంతులు. కుప్పంలో టీచర్లకు ట్రైనింగని ఆర్డరు వచ్చింది. బస్సెక్కబోతూ పావురం ఉన్న సంచి నాకిచ్చారు.

"మెడ విరిసేది అమ్మ నేర్పిస్తాది," అన్నారు, పిండి కలపడం సంగతి చెప్పినట్టు.

"అబద్ధం చెప్పేది ఎవరు నేర్పిస్తారు?"

"అబద్ధమేముంది? 'పడింది మామా' అంటే సాలు. పడేది నిజమే గదా. సొరకాయ పడతాది."

ఆడమనిషిని మామ మాటులోకి రానివ్వరని నా ఆశ. ఆయన పొద్దున్నే తుపాకి తుడుచుకుంటూ నన్ను పిలిచి, రెండే మాటలడిగారు.

"గాజులు?"

"గుడ్డ చుట్టుకుంటాను మామా."

"దగ్గు?"

"లేదు."

"అయితే రా."

దీమాలు నేనే పెట్టాను. మా ఆయన రోజూ వాటిని గోలీల్లాగా ఒకచోట గుమ్మరించి వచ్చేవారని ఒకేచోట చెదిరి ఉన్న బుర్ర పెంకులు చూస్తే తెలిసింది. నేను ఒక్కొక్కదాన్ని గాలి చూసి, మధ్యలో ఖాళీ వదిలి, రెండింటిని మేస్తున్నట్టు ముక్కు కిందికి వంచి, ఒకదాన్ని కాపలా ఉన్నట్టు తల పైకి పెట్టి సర్దాను. మాటులోకి వచ్చి కూర్చుంటే నాకే అవి కదిలినట్టనిపించింది.

సంచి నా ఒళ్లో ఉంది. లోపలిది గోళ్లతో గీకుతోంది. దాని మీద కొంగు కప్పాను. మామ తుపాకి మోకాళ్ల మీద పెట్టుకుని, చేను వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ కూర్చున్నారు. కనపడేది ఆ పక్క చూపులోనే కాబోలు.

కాసేపటికి కొండ వైపు నుంచి గుంపు వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు కిందికి తిరిగింది. నేను ఊపిరి బిగబట్టాను. రెక్కలన్నీ ఒక్కసారి వెనక్కి విరుచుకున్నాయి, కాళ్లు దిగాయి, నా సొరకాయల మధ్య పావురాలు వాలాయి. ఒకటి నేను కాపలా పెట్టిన దీమం పక్కనే నిలబడి దాన్ని ఎగాదిగా చూసి మేతలో పడింది. పెళ్లిచూపుల్లో నెగ్గినంత సంబరం నాకు. అత్త ఉంటే చూపించేదాన్ని.

ఆ సంబరంలో తుపాకి భుజానికి ఎక్కింది గమనించలేదు.

మోత. కాపలా సొరకాయ మెడ గాలిలోకి ఎగిరింది. గుంపు ఒక్క ఊపున లేచి కొండ వైపు పోయింది. ఒకటి లేవలేదు. దీమం పక్కన మేసినదే. ఒక రెక్క మట్టిలో పరుచుకుంది. దాన్ని ఈడ్చుకుంటూ సాలు వెంబడి పరుగెత్తింది, పడింది, లేచింది, గట్టెక్కి మల్లప్ప చేనిలోకి దూకింది.

"యెట్ల?" అన్నారు మామ.

'పడింది' అనడానికి నోరు తెరిచాను. సంచి చేతిలో ఉంది. మెడ విరవడం అత్త నేర్పనే నేర్పింది.

"ఒకటి రెక్క ఈడ్చుకుంటా పోతాంది, మామా," అన్నాను.

ఆయన తుపాకి మడిచి, కాలిన తూటా తీసి జేబులో వేసుకున్నారు. "ఎగిరి పడింది కనపడింది నాకు. అదేంది?" అన్నారు.

"సొరకాయ."

"ముందు కొట్టినవి?"

"అవీ అంతే."

"అన్నీనా?"

"మీ దెబ్బకు ఒక్కటీ మిగల్లేదు మామా."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఒక్కటన్నా కొట్టుకునిందా?"

"లేదు. ఉన్నచోటనే పోయినాయి."

"అదన్నా నయం," అన్నారు. తర్వాత నా ఒడి వైపు తల తిప్పారు. "ఆ సంచిలోదాన్ని ఇడిసిపెట్టు. ఊపిరాడక కొట్టుకుంటాంది."

నేను సంచి మీది కొంగును ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"సంత పావురానికి కాళ్ల మీద ఈకలుంటాయమ్మా. మెత్తగా సేతికి తగులుతాయి. మీ ఆయన వాటినన్నా పీకి తెస్తాడా? పంతులుగాడు."

"మరి కంచం చూపించి దెబ్బంటే అదీ అన్నారే?"

"తల్లీ కొడుకూ అంత పాటుపడతాంటే ఏమనేది? దెబ్బ తప్పిపోతాంది, అది కప్పిపెట్టేదానికి తెస్తాండారు అనుకున్న్యా. తప్పిన దెబ్బకు పిట్టకేం నష్టం లే, గాలికి పోతాది. ఇంకొకటి, నాకేమన్నా ఆపరేషన్ మీద మోజా?" లేచి పంచె దులుపుకున్నారు. "సొరకాయల సంగతి తెలీదు. ఇది మాత్రం గాయం. పద."

సంచి విప్పాను. సంత పావురం బయటికి వచ్చి, ఒళ్లు దులుపుకుని, ఎగరకుండా మా వెనకే నడవడం మొదలుపెట్టింది.

మల్లప్ప చేనంతా వెతికాం. తుపాకి పట్టుకుని వస్తున్న మామను చూసి మల్లప్ప తువ్వాలు ఊపుతూ తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు కూడా చెప్పుకున్నాడు. విషయం తెలిశాక ఆయనా మాతో కంపలు ఎత్తి చూశాడు. మధ్యాహ్నం అత్త సంగటి గంప తెచ్చింది. మామ తల అడ్డంగా ఊపారు. అత్త ఆయన ముఖం చూసింది, నా వెనక నడుస్తున్న సంత పావురాన్ని చూసింది.

"సెప్పేసినావా?"

"సెప్పేసినాను అత్తా."

"నిన్ను సదివించినోళ్లననాల," అంది. గంప దించి, తనూ కొంగు దోపుకుని వెతకసాగింది.

పావురం మల్లప్ప పాత బావిలో దొరికింది. అవతలి గోడకు మధ్యలో, రాయి ఊడిన గూటి అంచున కూర్చుని ఉంది. అటువైపు మెట్లు లేవు. చెయ్యి అందదు. రెక్క గోడ మీదికి వేలాడుతోంది.

"యాడుండాది?" అన్నారు మామ, బావి గట్టుకు చెయ్యి ఆనించి.

"ఎదురుగా మామా. మీ ఎత్తుకు కింద. మనల్నే చూస్తాంది."

ఆయన కాసేపు అటే ముఖం పెట్టి నిలబడ్డారు. అటు ఇటు తల వంచి, ఆ పక్క చూపుతో వెతికారు. తర్వాత కొత్త తూటా పెట్టి తుపాకి మూసి, నా చేతికిచ్చారు.

"నాకు కనపడలే. నీకు కనపడతాంది," అన్నారు. అంతే.

"మేయ్, అది ఆడమనిషి," అంది అత్త. ఎవరిని అందో తెలియలేదు. మల్లప్ప బావి గిలక స్తంభం వెనక్కి పోయాడు. స్తంభం కంటే ఆయన లావు కాబట్టి రెండు పక్కలా కనపడుతూనే ఉన్నాడు.

"సెంప ఆనించు," మామ నా వెనక నిలబడి మెల్లగా చెబుతున్నారు. "భుజానికి గట్టిగా అదుముకో, లేకుంటే తంతాది. ఊపిరి సగం ఇడిసి పట్టుకో. తల మీదనే సూడు, రెక్క మీద సూడబాక, రెక్క సూస్తే జాలేస్తాది. కదిలితే కాల్చబాక. నిలబడేదాకా ఉండు."

అది కదిలింది. ఆగాను. మళ్లీ కదిలింది. భుజం నొప్పి పుడుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి అది తల నిక్కించి, గాలి వచ్చే వైపు తిరిగి నిలబడింది.

మోత బావిలో తిరిగి తిరిగి పైకి వచ్చింది. అప్పటికే కింద నీళ్లు టప్పుమన్నాయి.

"యెట్ల?"

"కొట్టుకోలేదు మామా."

మల్లప్ప తన బావి నీళ్ల గురించి గొణుక్కుంటూనే చేంతాడుకు బకెట్టు కట్టి పావురాన్ని తోడాడు. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా తడిమారు. వేలు మెడ దగ్గర ఆగింది. బావి గట్టు మీద కూర్చున్నారు.

"ఆదెమ్మా, సంగటి పెట్టు," అన్నారు.

తిన్నాక ఇంటికి నడుస్తుంటే తుపాకి నేనే మోశాను. ఆయన అడగలేదు. సంత పావురాన్ని అత్త చంకలో పెట్టుకుని వచ్చింది. ఎంతకీ పోకపోతే ఏం చేస్తాం అంది. అది తర్వాత మా వంటింటి అటక మీద గూడు పెట్టింది.

మా ఆయన కుప్పం నుంచి వచ్చేసరికి నేను వసారాలో తుపాకి గొట్టానికి నూనె పూస్తున్నాను. పక్కన మామ చెనక్కాయలు ఒలుస్తూ, ఎక్కడ పూయాలో చెబుతున్నారు. మా ఆయన వస్తూ వస్తూ పుంగనూరులో దిగి సంతకు పోయినట్టున్నారు. చేతిలో సంచి మెల్లగా వెనక్కి పోయింది.

"ఎవరికిరా ఆ పావురం?" అన్నారు మామ, కాయలు ఒలవడం ఆపకుండా. "నీ పెండ్లానికి అక్కరలేదే."

వారం తిరక్కముందే మామ నన్ను తాలూకాఫీసుకు తీసుకుపోయారు. తన లైసెన్సు మీద తుపాకి వాడే మనిషిగా నా పేరు రాయించాలట. బల్ల అవతలి అధికారి నా చీర వైపు, గాజుల వైపు, మామ కళ్ల వైపు మార్చి మార్చి చూశాడు.

"పెద్దాయనా, ఈమెకు తుపాకి కాల్చడం వచ్చునా?"

"ఇంకా బాగా రాదు సార్," అన్నారు మామ. "కాల్చకుండా ఉండేది వచ్చు. అది నేర్చుకునేదానికి నాకు సగం వయసు పట్టింది."

అధికారి కలం మూత తీశాడు. బయటికి వచ్చాక, మదనపల్లె బస్సు ఎన్ని గంటలకని మామ తనే వాకబు చేశారు. కంటి సంగతి కనుక్కోవాలన్నారు. కోడలు ఎట్లా కొడుతోందో వాళ్ల వీళ్ల మాట నమ్మడం ఆయనకు ఇష్టం లేదట.

ఆ ఏటికి చివరి చేను విత్తిన మర్నాడు మళ్లీ మాటులో కూర్చున్నాం. తుపాకి నా ఒళ్లో ఉంది. మామ నా పక్కన కంపకు ఆనుకుని ఉన్నారు. గుంపు వచ్చింది, తిరిగింది, దిగింది. కానీ దీమాల దగ్గర దిగలేదు. అవతలి గట్టు పక్కన దిగి, సాలు పట్టుకుని మేత మొదలుపెట్టింది.

"వచ్చినాయా?" అన్నారు మామ గుసగుసగా.

"వచ్చినాయి."

"దగ్గిరనా?"

"దూరం, మామా."

"ఏం సేస్తాండాయి?"

"తింటాండాయి. సాలు సగమైపోయింది."

మామ కాళ్లు చాపుకుని, కండువా ముఖం మీదికి లాక్కున్నారు.

"తిననీ," అన్నారు.